సున్నాకు దిగువన

గౌతమి గ్రాఫును తెర మీద పెట్టీ పెట్టకముందే గురురాజ్ సర్ చెయ్యెత్తి ఆపాడు.

"ఏందిది?"

"మన మూడు ప్రోటీన్ల నెట్‌వర్కే సర్. స్టెప్పు చిన్నది చేసి రన్ చేస్తే ఇట్ల వస్తాండాది. ఎక్కింది ఎక్కినట్లే నిలబడతాంది. కిందికి దిగడంల్యా."

"దిగకుంటే అది మన నెట్‌వర్క్ ఎట్లవుతుంది?"

బళ్లారి శివార్లలోని ఆ కాలేజీలో పరిశోధన విభాగమంటే రెండు గదుల మధ్య గోడ కొట్టేసి చేసిన ఒక హాలు. సోమవారం ఉదయం మీటింగుకు గైడు గురురాజ్ సర్, నలుగురైదుగురు స్కాలర్లు తెర చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చుంటారు. అందరికన్నా సీనియర్ రంజిత. తెర మీద ఉన్న ఆ మూడు ప్రోటీన్ల నెట్‌వర్క్ నిజానికి రంజితది. దాని మీదే ఆమె థీసిస్. నెలాఖరుకు సమర్పించాలి.

ఒంట్లోని కణానికి బయట ఏం జరుగుతోందో ఎట్లా తెలుస్తుంది? పైపొర మీదున్న ఒక ప్రోటీన్‌కు ఏదో వచ్చి తగులుతుంది. అది లోపల ఇంకోదాన్ని తట్టి లేపుతుంది. అది మరోదాన్ని లేపుతుంది, లేదా నిద్రపుచ్చుతుంది. ఈ లేపడాలనూ నిద్రపుచ్చడాలనూ సమీకరణాలుగా రాసి, అలాంటి నెట్‌వర్కులను వందల కొద్దీ కంప్యూటర్లో పుట్టించి పరీక్ష పెడతారు. నెగ్గినవాటిని ఉంచి, ఓడినవాటిని చెరిపేసి, ఉన్నవాటికి అక్కడక్కడ చిన్న మార్పులు చేసి మళ్లీ పరీక్ష పెడతారు. అట్లా వేల తరాలు. ప్రకృతి యుగాలు తీసుకునే పనికి నకలు ఒకటి హాలు మూలన సర్వర్లో రొద చేస్తూ నడుస్తుంటుంది. పరీక్ష మాత్రం ఒక్కటే: సంకేతం రాగానే నెట్‌వర్క్ ఉలిక్కిపడాలి, ఆ సంకేతం కొనసాగుతున్నా సరే కాసేపటికి నెమ్మదించాలి. ఎండుమిరప గోడౌన్లోకి అడుగుపెట్టినవాడు ముందు ఘాటుకు ఉక్కిరిబిక్కిరైపోతాడు, ఆ తర్వాత అక్కడే కూర్చుని టీ తాగుతాడు. అట్లాంటిదే.

అట్లా నెమ్మదించాలంటే చివరి ప్రోటీన్ వెనక్కి తిరిగి మొదటిదాన్ని అణచాలనో, దారి రెండు పాయలుగా చీలాలనో అందరూ అనుకునేవాళ్లు. రంజిత నెట్‌వర్కులో ఆ రెండూ లేవు. మూడే మూడు ప్రోటీన్లు, ఒకదాని వెంట ఒకటి. అయినా గ్రాఫు ఎక్కి, అందంగా దిగి, మొదలైన చోటికే వచ్చి ఆగేది. ఆ ఫలితాన్ని జర్నల్ కూడా ఒప్పుకుంది.

"ప్రోగ్రాము లోపలిభాగం నువ్వు మళ్లీ రాస్తివా?" గురురాజ్ సర్ అడిగాడు. ఆ లోపలిభాగం ఆయన తన చదువు రోజుల్లో రాసుకున్నది. స్కాలర్లెవరూ దాన్ని ముట్టేవాళ్లు కాదు. ముట్టాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు.

"హౌదు సర్. నేర్చుకుందామని..."

"నేర్చుకునేదానికి ట్యూషన్ పెట్టుకో. ఇది టిప్పర్లో ఎర్రమట్టి పోసినట్లు అనుకుంటివా, యాడ ఎంత పడితే ఏమిలే అనేదానికి?"

స్కాలర్లలో ఒకడైన హంపేశ్ నవ్వాడు. నవ్వేశాక చుట్టూ చూసి ఆపేశాడు. గౌతమి తండ్రి యశ్వంతనగర్లో గనుల దగ్గర టిప్పర్ నడుపుతాడని ఆ గదిలో అందరికీ తెలుసు.

గౌతమి చేతిలోని మౌస్ కదలడం ఆగిపోయింది.

"రంజితా, నువ్వు చెప్పమ్మా," అన్నాడు సర్ ఆమె వైపు తిరిగి. "నీకు ఎప్పుడన్నా ఇట్ల వచ్చిందా?"

రంజిత పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. "లేదు సర్."

అది నిజమే. ఎప్పుడూ రాలేదు. కానీ ఆమె ఎప్పుడూ స్టెప్పు చిన్నది చేసి చూడలేదు కూడా. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది.

"చూసినావు కదా గౌతమీ. ఈ వారం నుంచి నువ్వు మోడల్ జోలికి పోవద్దు. ఆఫీసు రూంలో కూర్చుని పాత రిఫరెన్సులు సరిచూడు, చాలు."

గౌతమి ప్రొజెక్టర్ తీగ ఊడదీసింది. దాన్ని నేల మీద పడేయకుండా, మెలికలు విప్పుకుంటూ చేతికి చుట్టి, చివర ముడి వేసి, బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూసింది. ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

సాయంత్రం తమ ఊరు మోకకు వెళ్లే బస్సులో రంజితకు కిటికీ పక్కన సీటు దొరికింది. అయినా బయట ఏమీ చూడలేదు. ఇంట్లో తల్లి దుర్గక్క మూతికి తువ్వాలు కట్టుకుని, ఎండుమిరపల్లోంచి తాలుకాయలు వేరు చేస్తూ కూర్చుని ఉంది. బయట కూలీకి పోని రోజున ఇంటికి తెచ్చుకునే పని అది. కూతురి పళ్లెంలో రొట్టె అట్లాగే ఉండిపోవడం చూసి తువ్వాలు కిందికి లాగింది.

"ఏమైందే?"

రంజిత చెప్పింది. ప్రోటీన్ల సంగతి వదిలేసి, సర్ అన్న మాట, హంపేశ్ నవ్వు, గౌతమి తీగ చుట్టిన సంగతి చెప్పింది.

"ఆ పాప ఏడ్చెనా?"

"లేదు."

"అదే కష్టం. నిన్ను అడిగినప్పుడు నువ్వేమంటివి?"

"ఉండేదే చెప్తి."

"మరి రొట్టె ఎందుకు దిగడంల్యా?" అంది దుర్గక్క. జవాబు కోసం చూడకుండా తువ్వాలు మళ్లీ పైకి లాక్కుంది.

*

మంగళవారం గౌతమి రాలేదు. ఆఫీసు రూంలో ఆమె కోసం వేసిన కుర్చీ మీద పాత ఫైళ్లు పెట్టేశారు. రంజిత తన బల్ల దగ్గర కూర్చుని థీసిస్ చివరి అధ్యాయం తెరిచింది. ఒక వాక్యం దిద్దింది, దిద్దినదాన్ని మళ్లీ మొదటిలాగే మార్చింది. చివరికి దాన్ని మూసేసి, అందరికీ అందుబాటులో ఉండే ఫోల్డర్లోంచి గౌతమి రాసిన ప్రోగ్రాము తెరిచింది.

చదవడం మొదలుపెట్టగానే రాసిన చేతి పనితనం తెలిసింది. ప్రతి భాగానికీ పైన ఒక మాట రాసిపెట్టుంది, అది ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో. తప్పు వెతకాలనే రంజిత చదివింది. తప్పు దొరికితే రాత్రి నిద్ర పడుతుంది. మధ్యాహ్నం దాకా వెతికినా దొరకలేదు.

అప్పుడు తన వైపు తిరిగింది. స్టెప్పు అంటే పెద్ద సంగతేమీ కాదు. కంప్యూటర్ కాలాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏది ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో లెక్క కడుతుంది. ముక్క చిన్నదైతే లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది, సర్వర్‌కు మాత్రం పని పెరుగుతుంది. గురురాజ్ సర్ ప్రోగ్రాములో ఆ ముక్క ఎంత ఉండాలో మొదటి నుంచీ ఒకటే నిర్ణయించి ఉంది. రంజిత దాన్ని సగం చేసి, తన నెట్‌వర్కును నడిపింది. గ్రాఫు దిగింది, కానీ పూర్తిగా కాదు. ఇంకో సగం చేసింది. ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. ఇంకా చిన్నది చేసేసరికి గీత ఎక్కి, ఎక్కిన చోటే నిలబడిపోయింది. సోమవారం తెర మీద చూసిన గీతే.



మోడల్లో ప్రతి ప్రోటీన్ మేలుకుని ఉంటుంది, లేదా నిద్రపోతూ ఉంటుంది. కొత్తగా పుట్టదు, చావదు. కాబట్టి రెండూ కలిపితే మొత్తం ఎప్పుడూ మారకూడదు. ఇంతకాలంలో ఆ కూడిక ఎవరూ చేయలేదు. చేయాలని తోచలేదు. ఇప్పుడు ఆ రెండు సంఖ్యలనూ కలిపి ఒక గీతగా గీయమంది. అది నేలబారుగా పోవాలి. పోలేదు. మెట్లు మెట్లుగా పైకెక్కింది.

సరుకు ఎక్కడినుంచో వస్తోంది.

ఆమె సర్ ప్రోగ్రామును మొదటిసారి లోపలి దాకా తెరిచింది. వెతకగా వెతకగా ఒక చిన్న వరుస కనబడింది. ఏ సంఖ్యైనా సున్నా కన్నా తక్కువైతే దాన్ని సున్నా చేయి, అంతే. ఉండేది పది గింజలైతే, కాలం ముక్క పెద్దదవడం వల్ల పన్నెండు తీసి పక్క కుప్పలో వేయడం, ఇక్కడ మాత్రం ఏమీ లేదని రాసేసుకోవడం. ప్రతి ముక్కలోనూ రెండు గింజలు ఊరికే పుడతాయి. ఆ ఊరికే పుట్టిన సరుకే గీతను పట్టి కిందికి లాగుతోంది.

వేల తరాల పాటు ఆ నెట్‌వర్కులు నేర్చుకున్నది కణం చేసే పని కాదు. లెక్కలో ఉన్న ఈ సందును కనిపెట్టి, అందులో దూరి బతకడం నేర్చుకున్నాయి. వాటి తప్పేమీ లేదు. పరీక్ష నెగ్గమన్నారు, నెగ్గాయి.

హంపేశ్ వచ్చి, "అక్కా, టీకి పోదామా?" అన్నాడు.

"నువ్వు పో."

నెలాఖరు దాకా ఆగితే థీసిస్ అయిపోతుంది. పరీక్షకులు ప్రోగ్రాము లోపలికి తొంగి చూడరు. ఈ ఆలోచన వచ్చింది, వచ్చి చాలాసేపు ఉంది. దాన్ని తరిమేసే ధైర్యం ఆమెకేమీ రాలేదు. కానీ టీకి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి ఆమె ఆ రెండు గ్రాఫులనూ ప్రింట్ తీసి ఉంది.

*

బుధవారం ఉదయం గురురాజ్ సర్ గదిలో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. చెప్పాల్సింది ఇంటి దగ్గర నుంచి బస్సులో అంతా మననం చేసుకుంటూ వచ్చింది. చెప్పేటప్పుడు మాత్రం వరుస తప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. వేలితో మెట్ల గీత వెంట పోయాడు, చివరి దాకా పోయి మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఎవరికి చెప్పినావు?"

"ఎవరికీ లేదు సర్."

"నీ థీసిస్ ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సర్."

"సరే. నువ్వు పో."

ఆయన తల ఎత్తలేదు. రంజిత బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. ఇక అంతా అయిపోయినట్టే అనుకుంది. ల్యాబులోకి వెళ్లాలనిపించలేదు. నిన్నటి నుంచి చేస్తున్నా గౌతమి ఫోన్ ఎత్తడం లేదు. బ్యాగు భుజానికి వేసుకుని బస్టాండుకు వెళ్లి సండూరు బస్సెక్కింది. కండక్టర్ ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్ చింపి ఇచ్చాడు.

తోరణగల్లు దగ్గర షిఫ్టు దిగిన కంపెనీ బస్సులు రోడ్డంతా నిండి ఉన్నాయి. సండూరులో దిగి ఆటోలో యశ్వంతనగర్ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఇళ్లు, చెట్ల ఆకులు, ఆరేసిన బట్టల అంచులు, అన్నీ ఇటుకరంగు. అడిగితే ఎవరో వేలు చూపించారు. గౌతమి వాళ్ల ఇంటి ముందు తండ్రి తిప్పేస్వామి బనియన్‌తో మంచం మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ దిగి వచ్చిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను రంజితని అప్పా. గౌతమితోపాటు ల్యాబులో ఉంటా."

"రామ్మా, కూర్చో." మంచం చివరికి జరిగాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "పాప ఏం చెప్పడంల్యా. ఇంక పోనంటాది. ఏమన్నా లెక్క తప్పు చేసెనా?"

"లేదప్పా. లెక్క సరిగ్గా చేసింది తనొక్కతే. తప్పు చేసింది మేము."

తిప్పేస్వామి ఆమె ముఖంలోకి చూశాడు. ఓదార్పుకు చెప్తోందేమోనని చూసినట్టుంది. కాదని తెలిశాక రెండు అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. "సిద్దీ!" అని భార్యను లోపలికి కేకేశాడు. "పాపను పిలువు. నేను మిర్చి ఒగ్గరాణి కట్టించుకొని వస్తా." చొక్కా వేసుకోవడం కూడా మరిచి, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి వేసుకుని వెళ్లాడు.

గౌతమి తడి చేతులతో బయటికి వచ్చింది. రంజిత ప్రింట్లు ఇచ్చింది. గౌతమి మెట్ల గీత చూసి, ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక మంచం మీద కూర్చుంది.

"రెండూ కూడినావా? నాకు తోచనే లేదక్కా. ఎందుకు దిగడంల్యా అని చూస్తి గానీ, మీది ఎందుకు దిగుతాందని చూడలేదు."

"ఆ సున్నా చేసే వరుస. సర్ ప్రోగ్రాములో."

"సర్‌కు చెప్పినావా?"

"పొద్దున."

"ఏమన్నాడు?"

"పొమ్మన్నాడు."

గౌతమి కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "సోమవారం నోరెందుకు మూసుకొంటివి?"

రంజిత దారిలో ఈ ప్రశ్నకు మూడు నాలుగు రకాలుగా జవాబు అనుకుంది. "థీసిస్ పోతుందని భయమేసింది," అంది.

"ఇప్పుడు పోలేదా?"

"పోయింది."

గౌతమికి నవ్వు ఆగలేదు. ముందు ఆమె నవ్వింది, తర్వాత ఇద్దరూ నవ్వారు. సిద్దక్క చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక తానూ నవ్వింది.

తిప్పేస్వామి తెచ్చిన మిరపబజ్జీలు, మరమరాల ఒగ్గరాణి పొట్లాలు విప్పుతుండగా రంజిత ఫోన్ మోగింది. గురురాజ్ సర్. ఆమె చేతిలోని మరమరాలు కింద పడ్డాయి.

"యాడుండావమ్మా?"

"యశ్వంతనగర్లో సర్. గౌతమి ఇంట్లో."

"మంచిదైంది. నా ఫోన్ ఎత్తడంల్యా ఆ పాప. రేపు మీటింగు పెడతాండా. రమ్మని చెప్పు. లేదు, చెప్పొద్దు. నేను అడుగుతా ఉండానని చెప్పు, వస్తావా అని."

*

గురువారం ఎవరూ అనుకోని మీటింగుకు అందరూ వచ్చారు. గౌతమి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది, అవసరమైతే లేచి వెళ్లడానికి వీలుగా. తెర మీద గురురాజ్ సర్ తన ప్రోగ్రామే తెరిచి పెట్టాడు. కళ్ల కింద వాపు ఉంది. ఆ వరుస మీద కర్సర్ ఆడుతోంది.

"ఇది చూడండి," అన్నాడు. "ఈ వరుస నేనే రాస్తి. అప్పుడు ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతాండె. ఆగకుండా ఉండాలని ఇది పెడితి. ఆగడం మానింది. దాంతో అంతా సరిగ్గా ఉండాదనుకొంటి." తర్వాత మెట్ల గీత చూపించాడు. చిన్న స్టెప్పుతో గౌతమి తెచ్చిన గ్రాఫు చూపించాడు. నిన్న తాను కూర్చుని మళ్లీ నడిపిన రన్‌లు చూపించాడు. అన్నీ గౌతమి చెప్పినట్లే వచ్చాయి.

"జర్నల్‌కు రాసేసినా. పేపర్ వెనక్కి తీసుకుంటాండాం. అచ్చు కాకముందే దొరికింది, అదొక్కటి నయం."

హంపేశ్ రంజిత వైపు జాలిగా చూశాడు.

గురురాజ్ సర్ తెర ముందు నుంచి కదిలి గౌతమి కూర్చున్న వైపు వచ్చాడు. ఏం చేయాలో తెలియనట్టు ఒక ఖాళీ కుర్చీ వీపు పట్టుకున్నాడు. "సోమవారం ఇంతమంది ముందర అంటి. ఇంతమంది ముందరే చెప్తాండా. తప్పు నాది. మీ నాయన పనిని పట్టుకొని అన్న మాట ఇంకా పెద్ద తప్పు. ఆయనకు నేనే ఫోన్ చేసి చెప్తా."

"వద్దు సర్," అంది గౌతమి తటాలున. "ఆ మాట ఇంట్లో నేను చెప్పలేదు."

గురురాజ్ సర్ తల వంచుకున్నాడు. కుర్చీ వీపు మీద ఆయన వేళ్లు బిగుసుకున్నాయి, మెల్లగా వదులయ్యాయి. "ఆయ్తమ్మా, సరే," అన్నాడు. "ఇంక లోపలిభాగం నీది. నువ్వు రాసిందే వాడతాం. నేనేమన్నా ముట్టాలంటే నిన్ను అడిగే ముడతా."

"నేను తప్పు చేస్తే, సర్?"

"రంజిత కూడి చూస్తుంది."

మీటింగయ్యాక ఆయన రంజితను వెనక్కి పిలిచాడు. "నిజం చెప్పేదా? ఆ మూడు ప్రోటీన్లు ఎట్ల దిగుతాండాయని సభల్లో ఎవరన్నా అడిగితే, నాకే తెలియకపోయె. ఏదో చెప్తాంటి. అడిగేవాళ్లు ఒప్పుకుంటాండ్రి. నాకు మాత్రం గుబులు పోలేదు. నిన్న నువ్వు పోయినాక ఆ మెట్లు చూసి కోపమొచ్చింది. కాసేపటికి చూస్తే, కోపం పోయి ఒళ్లు తేలికైంది." సిగ్గుపడినట్టు కళ్లద్దాలు తీసి తుడిచాడు. "నీకు ఆర్నెల్లు గడువు పొడిగించేదానికి నేను రాస్తా."

రంజిత తనకూ అదే అయిందని చెప్పబోయి, తల మాత్రం ఊపింది.

అదే సాయంత్రం గౌతమి ప్రోగ్రాముతో మొదటి తరం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. స్టెప్పు చిన్నది కావడంతో సర్వర్ నత్తనడకన నడిచింది. శుక్రవారం అంతా ఏ నెట్‌వర్కూ పరీక్ష దాటలేదు. పుట్టినవి పుట్టినట్టు ఓడిపోయాయి. శనివారం మధ్యాహ్నానికి కొన్ని ఉలిక్కిపడటం నేర్చాయి, నెమ్మదించడం రాలేదు. ఇక ఇది రాదేమో అన్నాడు హంపేశ్. అతనే వెళ్లి అందరికీ టీ తెచ్చాడు, గౌతమికి మొదట ఇచ్చాడు. ఆమె తీసుకుంది.

ఆదివారం సెలవైనా గౌతమి, రంజిత ఇద్దరూ వచ్చారు. తెర మీద గెలిచిన నెట్‌వర్క్ ఒకటి ఉంది. చూడటానికి బాగాలేదు. ఐదు ప్రోటీన్లు, అడ్డదిడ్డంగా బాణాలు, దేనికో తెలియని లంకె ఒకటి. చివరి ప్రోటీన్ నుంచి ఒక బాణం వెనక్కి తిరిగి మొదటిదాన్ని అణచివేస్తోంది. గ్రాఫు ఎక్కింది. కొంచెం వణికింది. దిగింది. మునుపటంత అందంగా కాదు, బరువు మోస్తూ మెట్లు దిగే మనిషిలా దిగి, మొదలైన చోటికి కొద్దిగా పైన ఆగింది.

"కూడక్కా," అంది గౌతమి.

రంజిత కూడింది. మొత్తం గీత తెర ఈ చివర నుంచి ఆ చివరకు నేలబారుగా పోయింది. విడివిడిగా చూసినా ప్రతి సంఖ్యా సున్నాకు పైనే ఉంది.

"స్టెప్పు సగం చేద్దామా?"

"చెయ్."

సర్వర్ రొద పెంచింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. రెండో గీత మొదటి గీత మీదే పడుతూ వచ్చింది, మలుపు దగ్గర కూడా పక్కకు జరగలేదు. చివరికి తెర మీద ఒక్క గీతే ఉన్నట్టుంది. గౌతమి గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడింది.

రంజిత వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, థీసిస్ ఈ నెల ఇచ్చేది లేదు. అంతా మళ్లీ రాయాల. ఇంకో ఆర్నెల్లు పడుతుంది."

"అయ్యో," అంది దుర్గక్క. కాస్త ఆగి, "మరి అట్ల నగుతాండావేందే?" అంది.